చూడవచ్చినవారూ, చదవవచ్చినవారూ

దూరపు కొండలు నునుపు అన్న సామెత ఐస్‌లాండు విషయంలో సగమే నిజం. అక్కడి కొండలు కొన్ని దగ్గరికి వెళ్ళినా నునుపుగానే కనిపిస్తాయి. చల్లారిన లావా రాళ్ళ మీద పచ్చని నాచు పరుపు పరిచినట్లు మందంగా పెరిగి ఉంటుంది. అయితే ఆ నునుపు చూసేవాళ్ళకే గాని తొక్కేవాళ్ళకు కాదు. బూటుకాళ్ళ కింద పడి నలిగిందంటే మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

ఈ మధ్య మనవాళ్ళక్కూడా ఆ దేశం మీద మోజు పుట్టింది. మా కాలేజీలో ఒక కుర్రవాడు, నేను నన్నయగారి పద్యం చెబుతుండగా, బల్లకింద ఫోనులో ఉత్తరధ్రువపు వెలుగులు చూస్తూ పట్టుబడ్డాడు. "ఏమిటోయ్ అది?" అంటే, "ఐస్‌లాండండీ. ఉద్యోగం రాగానే వెళ్ళి చూస్తాను" అన్నాడు. "అక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడతారు?" అన్నాను. "ఇంగ్లీషే అయివుంటుందండీ" అన్నాడు. అతణ్ణి కోప్పడి లాభం లేదు. లోకంలో చాలామంది అలాగే అనుకుంటున్నారు. అందుకే ఈ వారం ఆ సంగతి ముచ్చటించుకుందామని కూర్చున్నాను.

ఆ దీవి జనాభా మొత్తం నాలుగు లక్షల లోపు. మన గుంటూరు ఒక్కటే అంతకంటే పెద్దది. 2010లో అక్కడ ఎయ్యాఫ్యాత్లయోకుత్ల్ అనే అగ్నిపర్వతం (ఈ పేరు పలకబోయి నాలుక మడతపడితే నా పూచీ లేదు) బద్దలై, ఆ బూడిదకు యూరపులో విమానాలు రోజుల తరబడి ఆగిపోయాయి. ప్రయాణికులు తిట్టుకున్నారు గాని దేశం పేరు మాత్రం మారుమోగింది. ఆ యేడు అయిదు లక్షలు కూడా లేని యాత్రికులు 2018 నాటికి 23 లక్షలయ్యారు. నలుగురున్న ఇంటికి పాతికమంది చుట్టాలు దిగినట్లన్నమాట! 2015లో జస్టిన్ బీబర్ అనే గాయకుడు ఒక పాటను అక్కడి లోయలో చిత్రీకరిస్తే, ఆ లోయ చూడాలని జనం విరగబడ్డారు. చివరకు నాచు నశించిపోతున్నదని 2019లో కొన్నాళ్ళు ఆ లోయకు దారి మూసివేయవలసి వచ్చింది.

వచ్చినవాళ్ళకు అక్కడ అన్నీ వింతే. కుళాయి తిప్పితే భూమి వేడితో కాగిన నీళ్ళు వస్తాయి. పదిళ్ళలో తొమ్మిదింటికి చలికాచుకునే వెచ్చదనం ఆ నీళ్ళదే. ఊరూరా వేడినీళ్ళ కొలను ఉంటుంది. మన రచ్చబండ మీద కూర్చున్నట్లు, కంఠం దాకా నీళ్ళలో కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటారు. ఎక్కువమందికి ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరుకో, కొన్నిచోట్ల తల్లి పేరుకో, కొడుకనీ కూతురనీ చేరుస్తారు. 1980లో ప్రజల ఓట్లతో గెలిచి, ప్రపంచంలో మొట్టమొదటిసారిగా ఒక దేశాధ్యక్ష పదవికి ఎన్నికైన స్త్రీ విగ్దీస్ ఫిన్‌బోగదొత్తిర్. అంటే ఫిన్‌బోగి కూతురు విగ్దీస్. ఊరంతా ఆమెను విగ్దీస్ అనే పిలిచేది. ఉపాధ్యాయుణ్ణి కూడా అక్కడి పిల్లలు పేరుపెట్టే పిలుస్తారట. ఈ సంగతి మా విద్యార్థుల చెవిని వేయకండి సుమా!

ఇవన్నీ చూడవచ్చినవారి వేడుకలు. వీరికి ముందు మరో రకం అతిథులు వచ్చారు. వారు చదవవచ్చినవారు.

డెన్మార్కువాడైన రాస్మస్ రాస్క్ బడిలో చదువుకునే రోజుల్లోనే ఐస్‌లాండు పాత రాజుల చరిత్ర ఒకటి చేతపట్టి, గురువు లేకుండా, అనువాదంతో పోల్చి చూసుకుంటూ ఆ భాష నేర్చుకున్నాడు. 1813లో ఆ దీవికి వెళ్ళి రెండేళ్ళు తిరిగాడు. అప్పటికి ఆ దేశం డెన్మార్కు ఏలుబడిలో ఉంది. రేక్యవిక్ పట్నంలో డేనిష్ మాటల జోరు చూసి, మరో వందేళ్ళలో అక్కడ ఐస్‌లాండిక్ అర్థమయ్యేవాడే మిగలడని బెంగపెట్టుకున్నాడు. బెంగతో ఊరుకోలేదు. అక్కడివారిని కలుపుకుని 1816లో సాహిత్య సంఘం స్థాపించాడు. ఆ సంఘం ఈనాటికీ ఉంది. తర్వాత ఈ మహానుభావుడు మన దేశానికీ వచ్చాడు. 1820లో ఆయన బొంబాయి చేరిన యేడే మన బ్రౌను దొర కడపలో అడుగుపెట్టాడు. ఒకరినొకరు ఎరుగరు గాని, ఇద్దరిదీ ఒకే జాతకం. పరాయి భాషను చూసి ముచ్చటపడడంతో ఆగక, కూర్చుని నేర్చుకున్నవారు.

ఇంగ్లీషు కవి విలియం మోరిస్ కూడా అంతే. ఐస్‌లాండు పండితుడు ఐరీకుర్ మాగ్నుసోన్ దగ్గర భాష నేర్చి, ఇద్దరూ కలిసి పాత సాగా కథలను అనువదించారు. ఆ తర్వాతనే 1871లోనూ, 1873లోనూ వెళ్ళి గుర్రాల మీద దేశం తిరిగాడు. ఎంత కటిక పేదరికమైనా వర్గభేదమంత చెడ్డది కాదని తనకు నేర్పింది ఆ దేశమేనని తర్వాత చెప్పుకున్నాడు. కొండలు చూసి ఇంత పాఠం నేర్చుకుని వెళ్ళినవారు ఎందరుంటారు?

అమెరికావాడు విల్లర్డ్ ఫిస్క్ కథ మరీ చిత్రం. ఆర్కిటిక్ వలయం మీద గ్రీమ్సే అనే చిన్న దీవి ఉంది. 1879లో ఆయన ఓడలో ఆ పక్కనుంచి పోతూ, అక్కడి పల్లెకారులకు చదరంగమంటే ప్రాణమని విన్నాడు. దీవిలో దిగనే లేదు. ఇంటికి వెళ్ళి వారికి చదరంగపు బల్లలూ, పుస్తకాలూ పంపాడు. 1904లో చనిపోతూ 12,000 డాలర్లు వారి పేర వ్రాసిపోయాడు. తమ గడ్డమీద కాలే పెట్టని ఆ మనిషి పుట్టినరోజు నవంబరు 11ను ఆ దీవివారు ఇప్పటికీ పండుగ చేసుకుంటారు.

అయితే భాషను నిలబెట్టింది ఈ అతిథులేనా? కాదు. ఇంటివాళ్ళే. గడ్డిపెళ్ళలు పేర్చి కట్టుకున్న ఇళ్ళలో, సూర్యుడు ముఖం చాటేసిన శీతకాలపు రాత్రుల్లో, అందరూ ఉన్ని పని చేసుకుంటుంటే ఒకరు పైకి చదివి వినిపించేవారు. మన పల్లెల్లో భారతం చదివించుకున్నట్టే. 1783లో లాకీ అగ్నిపర్వతం పగిలి, ఆ వెనుక వచ్చిన కరువులో ప్రతి అయిదుగురిలో ఒకరు పోయారు. ఆ దుర్భిక్షం తర్వాత కూడా చదువు ఆగలేదు. 13వ శతాబ్దపు గ్రంథాన్ని కాస్త అక్షరక్రమం సరిచేసి ఇస్తే ఈనాటి పిల్లలు చదువుకోగలరు. మనం తిక్కనను టీక లేకుండా ఎంతమందిమి చదవగలం?

వారి తోలు గ్రంథాలను ఆర్ని మాగ్నుసోన్ అనే ఐస్‌లాండు పండితుడే సేకరించి కోపెన్‌హేగన్ చేర్చాడు. 1944లో స్వతంత్రమైన ఆ దేశం వాటిని పట్టుబట్టి అడిగింది. 1971 ఏప్రిల్ 21న మొదటి రెండు గ్రంథాలు డెన్మార్కు ఓడలో రేక్యవిక్ రేవుకు వచ్చాయి. ఆనాడు బడులు మూశారు, కొట్లు కట్టేశారు, వేలమంది రేవులో నిలబడ్డారు. రాజుకు కాదు, సినిమాతారకు కాదు, రెండు పాత పుస్తకాలకు స్వాగతం!

అటువంటి దేశానికి ఇప్పుడు మళ్ళీ రాస్క్ నాటి బెంగే పట్టుకుంది. ఈసారి డేనిష్ స్థానంలో ఇంగ్లీషు. కాఫీ హోటలులో ఇంగ్లీషు, దుకాణం బోర్డు మీద ఇంగ్లీషు, పిల్లల చేతిలో ఫోనులో ఇంగ్లీషు. వారూ ఊరికే కూర్చోలేదు. టెలిఫోను వచ్చినప్పుడు దారం అనే అర్థమున్న పాతమాటను దులిపి వాడుకున్నవారు, కంప్యూటరుకు అంకె, సోదెకత్తె అనే రెండు మాటలు కలిపి పేరు పెట్టుకున్నవారు వారు. 2019 నుంచి ప్రభుత్వమే పూనుకుని ఆ కంప్యూటరుకు తమ భాష నేర్పించే పని పెట్టింది.

చూడవచ్చేవారిని తప్పుపట్టను. వారి డబ్బు ఆ దేశానికి కూడు పెడుతున్నది. కాని అతిథి అభిమానం ఎంతటిదో, అతడు వెళ్ళాక ఇంట్లో ఏం మిగిలిందో చూస్తే తెలుస్తుంది. ఒకరు సంఘం మిగిల్చారు, ఒకరు చదరంగపు బల్లలు మిగిల్చారు, ఒకరు తొక్కిన నాచు మిగిల్చారు.

ఇక ఇంటివాళ్ళ మాట. మనం ఎనిమిది కోట్లమందిమి, మన భాషకేం భయమని ధీమాగా ఉంటాం. నాలుగు లక్షలమంది నిలబెట్టుకున్నది లెక్కతో కాదు, రాత్రిపూట దీపం ముందు చదువుకుని. బ్రౌను వ్రాయించి పెట్టిన ప్రతులు ఎంత పదిలంగా ఉన్నా, బీరువాలో ఉన్న భాష మాట్లాడదు. మన పిల్లలకు మనం పైకి చదివి వినిపించి ఎన్నాళ్ళయిందో, ఎవరికివారు లెక్క చూసుకోవలసిందే.