పాట ఉండిపోతుంది... మరి ఆట?

జమున, కె.విశ్వనాథ్, వాణీ జయరాం... 2023 ఆరంభంలో ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. వాళ్ల సినిమాలు, పాటలు ఇంటింటా ఉన్నాయి. అదే ఇరవై రోజుల్లో కన్నుమూసిన ఓ సికింద్రాబాద్ ఫుట్‌బాల్ వీరుడి ఆట మాత్రం చూసినవాళ్ల కళ్లలోనే ఉంది. ఆ కళ్లూ ఒక్కటొక్కటిగా మూతపడుతున్నాయి.

1962 జూన్‌లో 'గుండమ్మ కథ' వచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్, సూర్యకాంతం... అంతమందిని ఒకే తెరమీద చూసి జనం పొంగిపోయారు. అరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ పండగపూట ఏదో ఒక ఛానల్లో ఆ సినిమా వస్తుంటే రిమోట్ పక్కన పెట్టేస్తారు. తాతయ్యకు మాటలు నోటికొచ్చు. మనవరాలికి పాటలు నోటికొచ్చు.

అదే ఏడాది సెప్టెంబరు 4న ఇండొనేషియా రాజధాని జకార్తాలో మరో అద్భుతం జరిగింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి బంగారు పతకం గెలుచుకుంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ అలాంటి పతకం రాలేదు. ఆ జట్టుకు ఆట నేర్పింది హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఎదుటి జట్టును హడలెత్తించిన ముందువరుసలో ఒకడు సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు... తులసీదాస్ బలరాం.

'గుండమ్మ కథ'లో సరోజ ఎవరని అడిగితే పిల్లలు కూడా జమున అని చెబుతారు. బలరాం ఎవరని అడిగితే? చాలా ఇళ్లలో పెద్దలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే.

ఆ ఇరవై రోజులు

జమున, బలరాం ఇద్దరూ 1936లోనే పుట్టారు. ఇద్దరూ ఎనభయ్యారేళ్ల వయసులో, ఇరవై రోజుల తేడాతో వెళ్లిపోయారు. జమున 2023 జనవరి 27న. బలరాం ఫిబ్రవరి 16న. ఆ మధ్యలోనే మరో ఇద్దరు.

ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లో దర్శకుడు కె.విశ్వనాథ్ కన్నుమూశారు. 1980లో సరిగ్గా అదే తేదీన 'శంకరాభరణం' విడుదలైంది. ఆ మాట తెలిసినవాళ్లంతా ఒక్క క్షణం ఆగిపోయారు. రెండు రోజులకే చెన్నైలో వాణీ జయరాం మరణించారు. పద్మభూషణ్ ప్రకటించి పట్టుమని పదిహేను రోజులైనా కాలేదు. 'శంకరాభరణం' పాటలకు జాతీయ అవార్డు అందుకున్నదీ ఆమే, 'స్వాతికిరణం'లో పాటలకు మళ్లీ అందుకున్నదీ ఆమే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో జరిగేది ఒకటే. టీవీలో పాత పాటలు. ఫోన్లో పాత దృశ్యాలు. వంటింట్లోంచి అమ్మ వచ్చి నిలబడిపోతుంది. 'ఇది ఏ సినిమాలోది?' అని అబ్బాయి అడుగుతాడు. అలా ఒక తరం మెచ్చిన కళ ఇంకో తరం చేతిలో పడుతుంది. మనిషి పోయినా పని ఉండిపోవడమంటే అదే. 2020 సెప్టెంబరు 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడూ తెలుగిళ్లు అలాగే ఏడ్చాయి, అలాగే పాడుకున్నాయి.

బలరాం పోయిన రోజున చూపించడానికి ఏముంది? నలుపు తెలుపుల్లో కొన్ని ఫొటోలు. జట్టంతా వరసగా నిలబడిన ఫొటో ఒకటి. అందులో బలరాం కదలడు. కదిలితేనే కదా అతను బలరాం!

అద్దె సైకిల్ మీద...

బలరాం తల్లిదండ్రులది తమిళ కుటుంబం. ఇంట్లో డబ్బుకు కటకట. కుర్రాడు మాత్రం ఎప్పుడూ బంతి వెనకే. ఆ కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే దేశమంతా లేచి నిలబడేది. రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎగరేసుకుపోయింది.

రహీం కళ్లు ఈ సన్నటి కుర్రాడి మీద పడ్డాయి. సాధనకు రమ్మన్నారు. సికింద్రాబాద్ నుంచి రోజూ హైదరాబాద్ వచ్చిపోవడానికి చేతిలో పైసా లేదు. అద్దె సైకిల్‌కు అయ్యే డబ్బు రహీం తన జేబులోంచి ఇచ్చారు. దేశానికి ఒక గొప్ప ఆటగాడు దొరకడానికి అయిన మొదటి ఖర్చు అది.

రహీం పద్ధతులు కూడా చిత్రంగా ఉండేవి. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడు ఆ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకుని తిప్పకూడదు, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలని ఇంకో పోటీ. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు మరి!

బలరాం ఉన్న హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత అతను కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరాడు. 1961లో ఆ జట్టుకు నాయకుడయ్యాడు. బెంగాల్ తరఫున కూడా సంతోష్ ట్రోఫీ అందుకున్నాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఆ నగరం, భాష రాని సికింద్రాబాద్ కుర్రాడిని సొంత బిడ్డలా చూసుకుంది.

పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. భారత ఫుట్‌బాల్‌లో ఈ ముగ్గురి పేర్లూ కలిపే చెబుతారు. ఒకరు కుడివైపు, ఒకరు మధ్యలో, ఒకరు ఎడమవైపు. ఒకరి కాలినుంచి ఇంకొకరి కాలికి బంతి వెళ్తుంటే ఎదుటివాళ్లకు ఎవరిని పట్టుకోవాలో తోచేది కాదట.

రోమ్‌లో, జకార్తాలో...

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఇరవై ఏళ్ల బలరాం అందులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ నాటికి అతను జట్టుకు ఆయువుపట్టు. అక్కడ మొదటి మ్యాచే హంగరీతో. అప్పట్లో హంగరీ అంటే ప్రపంచానికే సింహస్వప్నం. ఆ మ్యాచ్‌లో భారత్ ఓడింది, కానీ 2-1 తేడాతోనే. ఆ ఒక్క గోల్ బలరాందే. తర్వాత పెరూ మీద భారత్ చేసిన ఒకే ఒక్క గోల్ కూడా అతనిదే. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

రెండేళ్ల తర్వాత జకార్తా. క్రీడల్లోకి ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి తప్పుపట్టడంతో అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. ఫైనల్ రోజున స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుపులే. గోల్‌కీపర్ తంగరాజ్, అతనూ హైదరాబాదీనే, జ్వరం నుంచి అప్పుడే తేరుకున్నాడు. తలకు దెబ్బతగిలిన జర్నైల్ సింగ్‌ను రహీం రక్షణ వరుసలోంచి తీసి ముందుకు పంపారు. పి.కె. ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. బంగారం మనదైంది. అంతకుముందు జపాన్‌ను 2-0తో ఓడించిన మ్యాచ్‌లో బలరాం గోల్ ఉంది. ఆ ఏడాదే అర్జున అవార్డు వచ్చింది.

అక్కడితో వెలుగు తగ్గిపోయింది. కేన్సర్‌తో బాధపడుతూనే జట్టును గెలిపించిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు బలరాంను మైదానం నుంచి తప్పించింది. అప్పటికి అతని వయసు ఇరవయ్యారు, ఇరవై ఏడేళ్లు. సినిమా వాళ్లకు కొత్త జీవితం మొదలయ్యే వయసులో అతని ఆట ముగిసిపోయింది. ఆ తర్వాత అరవై ఏళ్లు బతికాడు. పెళ్లి చేసుకోలేదు. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పాడాలో నిశ్శబ్దంగా గడిపాడు. చునీకి, పి.కె.కు పద్మశ్రీ వచ్చింది. బలరాంకు చివరిదాకా రాలేదు.

అంకెలు చెప్పనివి

పరుగు పందెం వాళ్లకు కనీసం గడియారం సాక్షి. 2021 జూన్ 18న పోయిన మిల్ఖా సింగ్ సంగతే చూడండి. 1960 రోమ్‌లోనే, 400 మీటర్లలో వెంట్రుకవాసిలో పతకం తప్పింది. అయినా ఆ రోజు అతను నెలకొల్పిన జాతీయ రికార్డు 1998 దాకా చెక్కుచెదరలేదు. ఆపైన ఆత్మకథ, 2013లో సినిమా. మిల్ఖా పరుగు చూడనివాళ్లకు కూడా మిల్ఖా తెలుసు.

క్రికెటర్లకు స్కోరు పుస్తకం ఉంది. కానీ దానితోనూ అన్నీ తెలియవు. బలరాం పోయిన ఏడాదే ఏప్రిల్ 2న జామ్‌నగర్‌లో సలీం దురానీ మరణించాడు. 29 టెస్టులు, 1,202 పరుగులు, 75 వికెట్లు. ఈ అంకెలు చూసిన ఈ కాలం కుర్రాడు 'ఓస్, ఇంతేనా' అంటాడు. కానీ జనం అడిగినవైపు సిక్సర్ కొట్టేవాడని దురానీకి పేరు. 1973లో జట్టులోంచి తీసేస్తే 'దురానీ లేకపోతే టెస్టు లేదు' అని అట్టలు పట్టుకుని గొడవ చేశారు. 1971లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సోబర్స్‌ను, క్లైవ్ లాయిడ్‌ను వెనువెంటనే పంపించి మన గెలుపునకు దారి వేశాడు. హిందీ సినిమాలో హీరోగానూ వేశాడు. జనం అతనికి ఎందుకలా మురిసిపోయారో చూసినవాళ్లు చెప్పాలి. అంకెలు చెప్పవు.

ఇక ఫుట్‌బాల్‌లో ఆ అంకెలు కూడా తక్కువే. గోల్ కొట్టినవాడి పేరు మిగులుతుంది. ఇద్దరిని తప్పించుకుని, మూడోవాడిని బోల్తా కొట్టించి, సరిగ్గా గోల్ కొట్టేవాడి కాలి దగ్గరకు బంతి పంపినవాడి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఆనాటికి హైదరాబాద్‌లో టీవీ కూడా లేదు.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. బళ్లారి రాఘవ రంగస్థలం మీద ఎలా నటించేవారో నేడు తెలిసేది చూసినవాళ్లు చెప్పిన, రాసిన మాటల వల్లే. సినిమాలు రెండు మూడే చేశారు. ఆట కూడా నాటకం లాంటిదే. తెర పడితే అంతే.

చూసినవాళ్లు చెబితేనే

1962 జట్టు కరిగిపోతూ వచ్చింది. 2020 మార్చి 20న పి.కె. పోయాడు. ఏప్రిల్ 30న, లాక్‌డౌన్ నడుమ, చునీ పోయాడు. 2021లో ఫార్చునాటో ఫ్రాంకో, ఒ.చంద్రశేఖర్. రోమ్ వెళ్లిన జట్టులో ఉన్న రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. 2023లో బలరాం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రహీం కథతో 'మైదాన్' సినిమా వచ్చింది. రహీంగా అజయ్ దేవగణ్ నటించాడు. జకార్తా విజయం మళ్లీ తెరమీద కదిలింది. దాన్ని చూడటానికి ఆ ముగ్గురిలో ఒక్కరూ మిగల్లేదు.

సినిమా వచ్చింది కాబట్టి పిల్లలకు ఆ పేర్లు కొంతైనా తెలిశాయి. అయితే తెరమీద పరుగెత్తింది నటులు. అసలు బలరాం ఎలా పరుగెత్తేవాడో చెప్పగలిగినవాళ్లు హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లో ఇంకా కొందరుంటారు. అంతా ఎనభై దాటినవాళ్లు. నాన్న భుజాలమీద కూర్చుని ఫతే మైదాన్‌లో మ్యాచ్ చూసినవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చుని ఎవరూ అడగరు. అడగందే వాళ్లూ చెప్పరు.

హైదరాబాద్‌లోనే కాదు. ప్రతి ఊళ్లోనూ ఒక కబడ్డీ వీరుడో, వాలీబాల్ ఆటగాడో, పద్యం అందుకుంటే ఊరంతా కదిలొచ్చే నటుడో ఉండే ఉంటాడు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను కదిపి చూడండి. 'తాతయ్యా, మీ రోజుల్లో ఎవరి ఆట చూడ్డానికి వెళ్లేవాళ్లు? వాళ్లు ఎలా ఆడేవాళ్లు?' అని అడగండి. చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు అడిగి రాసుకోండి. విశ్వనాథ్ సినిమా రేపైనా చూడొచ్చు. తాతయ్య చూసిన ఆట తాతయ్య దగ్గరే దొరుకుతుంది.