నలభై రెండో రోజు ఎవరి బాధ్యత?

కార్తీకం వచ్చిందంటే కోనసీమ ఊళ్ళలో అయ్యప్ప మాల వేసినవాళ్ళ నల్లబట్టలు కనిపిస్తాయి. అంబాజీపేటలో కొబ్బరికాయ ఒలిచే కార్మికుడు, రావులపాలెంలో అరటి గెలలు మోసే కుర్రాడు, మలికిపురంలో ఆటో నడిపే మనిషి, ఏడాది పొడుగునా పొద్దు వాలేసరికి సీసా వెతుక్కునేవాళ్ళు, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేసి పీఠం ముందు కూర్చుంటారు. మండల దీక్ష 41 రోజులు. ఆ 41 రోజులూ చుక్క ముట్టరు. నేల మీద పడుకుంటారు, చెప్పులు లేకుండా నడుస్తారు, ఒంటిపూట తింటారు.

వీడు మానలేడని ఊరంతా తేల్చేసిన మనిషి మానాడు. ఎలా మానగలిగాడు? భక్తి ఉంది, దాన్ని కాదనలేం. ఆ భక్తి చుట్టూ మనం ఏం కట్టామో కూడా చూడండి. నిన్నటిదాకా "ఒరేయ్" అన్న నోటితోనే "స్వామీ" అని పిలిచాం. కన్నతల్లి కూడా అలాగే పిలిచింది. తాగే వేళకు భజన పెట్టాం. తోటి స్వాములను తోడిచ్చాం. పూజకు రాకపోతే ఇంటికి కబురు పంపే గురుస్వామి ఉన్నాడు. భిక్షకు రమ్మని నలుగురు పిలిచి ఆకు వేసి వడ్డించారు. గ్లాసు చేతికిచ్చే స్నేహితుడు ఆ నెలన్నర దూరంగా ఉన్నాడు, ఇస్తే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని. గౌరవం, తోడు, పని, కనిపెట్టుకుని ఉండే మనిషి. వ్యసనం నుంచి బయటపడేవాడికి ఏ దేశపు వైద్యుడైనా కావాలనేవి ఇవే. మనం అవన్నీ ఇవ్వగలమని ఏటా రుజువు చేస్తున్నాం.

కొండకు వెళ్ళొచ్చి మాల తీస్తాడు. ఆ మర్నాటి నుంచి అతను మళ్ళీ "ఒరేయ్". సాయంత్రం ఖాళీ. పిలిచి అన్నం పెట్టేవాళ్ళు ఎవరి పనిలో వాళ్ళున్నారు. దూరంగా ఉన్న స్నేహితుడే గుమ్మంలోకి వచ్చి, "దీక్ష అయిపోయిందిగా బావా, పద" అంటాడు. పదిరోజుల్లో పాత మనిషి తిరిగొస్తే, "చూశావా, వీడి బుద్ధి మారదు" అని మనమే తీర్పిచ్చేస్తాం. 41 రోజులు నిలబడ్డవాడు నలభై రెండో రోజు పడిపోయాడంటే, ఆ ఒక్కరోజులో అతని బుద్ధి మారలేదు. చుట్టూ ఉన్న మనం మారిపోయాం.

మన దగ్గర ఇంకో రెండు మందులు కూడా ఉన్నాయి. ఒకటి పెళ్ళి. "పెళ్ళి చేస్తే దారికొస్తాడు" అని సంబంధం వెతుకుతాం. సంగతి దాచి ఇరవై ఏళ్ళ పిల్లను తెచ్చి, ఇంతమంది పెద్దలం చేయలేనిది ఆమె చేయాలంటాం. రెండోది గల్ఫ్. "కువైట్ పంపితే బాగుపడతాడు, అక్కడ మందు దొరకదు" అని అప్పుచేసి విమానం ఎక్కిస్తాం. నిషేధం ఉన్నచోట కూడా దొంగసారా దొరుకుతుంది. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం 23 మందిని చంపింది. మత్తుపదార్థాల విషయంలో గల్ఫ్ చట్టాలు ఎంత కఠినమో రాజోలు, మామిడికుదురు వైపు వలస కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. మాల, పెళ్ళి, గల్ఫ్, మూడింటి వెనకా మన ఆలోచన ఒక్కటే. మనిషిని దేవుడికో, ఓ ఆడపిల్లకో, పరాయి దేశానికో అప్పగించి మనం చేతులు దులుపుకోవాలి. ఈ చేతులు దులుపుకోవడమే మానాలి.

ముందుగా గురుస్వాములకు, పాస్టర్లకు, మసీదు పెద్దలకు ఒక మనవి. మీ దగ్గరకు వచ్చి మానేస్తానన్న మనిషిని ఓ ప్రశ్న అడగండి: "పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణుకుతాయా?" అవునంటే, మాల వేయకముందే, ప్రమాణం చేయించకముందే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణమే పోవచ్చు. దాన్ని దయ్యం పట్టిందని, దేవుడికి కోపమొచ్చిందని అనుకుని పోగొట్టుకోకూడదు. కొద్దిరోజుల మందులతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో దాటగలిగిన గండం అది. అన్నంలో తెలియకుండా కలిపే మాత్రలూ పసరు మందులూ కూడా అంతే ప్రమాదం. కలిపిన సంగతి తెలియక అతను తాగితే గుండె మీదికి రావచ్చు.

మానినవాడు మళ్ళీ తాగితే కొంప మునిగిందని అనుకోకండి. వైద్యం పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ ఒకసారైనా జారతారని, రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో మళ్ళీ తిరగబెట్టేవాళ్ళూ దాదాపు ఇంతేనని అమెరికాలోని జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతుంది. బీపీ పెరిగిన తండ్రిని మనం వీధిలో నిలబెట్టి తిట్టం. మాత్ర మార్పించుకు వస్తాం. జారినవాడికీ ఆ మాత్రం ఓపిక కావాలి.

మద్యం సంగతి ఇలా ఉండగా, గంజాయి మన పిల్లల దాకా వచ్చింది. మన్యంలో 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల గంజాయి తోటలను నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. 2024 నవంబరులో మత్తుపదార్థాలను అరికట్టే ఈగల్ విభాగం వచ్చింది, సమాచారమివ్వడానికి 1972 నంబరు వచ్చింది, బడుల్లో ఈగల్ క్లబ్బులు వచ్చాయి. పోలీసుల పని పోలీసులు చేయాలి. కానీ రావులపాలెం మీదుగా పోయే జాతీయ రహదారిలో ప్రతి సంచీ విప్పి చూడడం ఎవరి తరమూ కాదు. కాలేజీ ఎదురుగా సిగరెట్లతో పాటు చుట్టుకునే కాగితం అమ్మే కొట్టు మనకు తెలుసు. కాలువ గట్టు మీద, ఒలుపు అయిపోయిన కొబ్బరితోటలో చీకటి పడ్డాక కుర్రాళ్ళు ఎక్కడ చేరతారో తెలుసు. తెలిసీ, "మనవాడు కాదు కదా" అని బండి ఆపకుండా వెళ్ళిపోతున్నాం. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవాడికి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష పడుతుందని బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఆ కొట్టు ముందు పదిమంది తల్లిదండ్రులు ఒక్క సాయంత్రం నిలబడి మాట్లాడితే చాలు, చట్టానికి కాళ్ళొస్తాయి.

కొడుకు జేబులో పొట్లం దొరికిన తల్లి నోరు విప్పదు. పోలీసు కేసవుతుంది, చెల్లి పెళ్ళి ఆగిపోతుంది, పరువు పోతుంది. ఆమె తెలుసుకోవలసిన మాట 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. మత్తుకు బానిసై, వాడకం కేసులోనో కొద్దిపాటి సరుకు కేసులోనో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు చేరితే, 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి పూర్తయ్యేదాకా వెంట ఉండే మనుషులు కావాలి. 14446కు ఫోన్ చేస్తే చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. 14416 టెలీమానస్‌కు చేస్తే మనసు విప్పి మాట్లాడొచ్చు. ఈ సంగతులు సచివాలయం గోడ మీద కాగితంగా మిగలకూడదు. ఆశా కార్యకర్త నోట, డ్వాక్రా సంఘం మీటింగులో ఆ తల్లి చెవిన పడాలి.

చికిత్స ఎంతమందికి అందుతోంది? 2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్రానికిచ్చిన నివేదిక ప్రకారం, దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మిగతా 37 మందీ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ కోసం ఊరే ఏదైనా చేయగలదా?

చేయగలదని రుజువులున్నాయి. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను మద్యం వల్లే పోగొట్టుకున్నారు. 1980లో ఆయన జ్ఞాపకార్థం టీటీకే వైద్యకేంద్రాన్ని మొదలుపెట్టారు. రోగులు పట్నం రాలేరని గమనించి, ఆ సంస్థవాళ్ళు తిరువారూరు జిల్లా మంజక్కుడిలాంటి పల్లెలకే వెళ్ళి పదిహేను రోజుల శిబిరాలు నడిపారు. ఊరి భవనమే ఆస్పత్రయింది. వచ్చినవాళ్ళకు ఊరే ఆశ్రయమిచ్చింది, మానాక కూడా కనిపెట్టుకుని ఉంది. మన ఊళ్ళలో కల్యాణ మండపాలున్నాయి, తుపాను షెల్టర్లున్నాయి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి నుంచో అమలాపురం నుంచో మానసిక వైద్యుణ్ణి రప్పించి ఇలాంటి శిబిరం పెట్టమని జిల్లా యంత్రాంగాన్ని మనం ఎందుకు అడగకూడదు?

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1998లో పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం మంది అంతకు ముందు నెలలో తాగి మత్తెక్కినవాళ్ళే. 2016కు అది 5 శాతానికి దిగింది. వాళ్ళు పిల్లలకు ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు. ఆటలకు, సంగీతానికి డబ్బిచ్చారు. తల్లిదండ్రులు మాట్లాడుకుని కట్టుబాట్లు పెట్టుకున్నారు, సాయంత్రాలు వంతులవారీగా వీధుల్లో తిరిగారు. మనకు ఇది కొత్త కాదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి గంగలకుర్రు ప్రభను భుజాలకెత్తుకుని కౌశికలో దిగి దాటించే కుర్రాళ్ళను చూడండి. ఆ రోజు వాళ్ళకు ఒక పనుంది, ఆ పనిని చూసే ఊరుంది. మిగతా రోజుల్లో ఆ కుర్రాళ్ళకు ఏం మిగిల్చాం? తండ్రి గల్ఫ్‌లో, తల్లి గల్ఫ్‌లో, ముసలి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లవాడికి సాయంత్రం ఆరు తర్వాత ఈ ఊళ్ళో తలుపు తెరిచి ఉన్న చోటేది? ఒక గ్రంథాలయం, ఒక వాలీబాల్ కోర్టు, ఒక దీపం, ఒక మాస్టారు. అందుకు ఏ జీవో అక్కర్లేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుని సారా కొట్టు మూయించారు. వాళ్ళ ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలిపోయింది. తర్వాత ప్రభుత్వ దుకాణాలొచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి. విధానాలు ఇలా మారుతూనే ఉంటాయి. ఆ తల్లులు కొట్టును నిలదీశారు. తాగే మనిషిని నిలబెట్టే పని వాళ్ళు మనకు మిగిల్చి వెళ్ళారు. ఇది ఆడవాళ్ళ పని అనుకుని మగవాళ్ళు అరుగు మీద కూర్చోవడం ఇక చెల్లదు.

ఇందులో ఊరు, పేట తేడా రాకూడదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురం ఎలా అంటుకుందో మనం చూశాం. ఫలానా కులపు కుర్రాడు గంజాయి తాగితే దొంగ, మన కులపువాడైతే చెడుసావాసం అనే నాలుక ఉన్నంతకాలం ఏ బిడ్డా బాగుపడడు.

కాబట్టి అడిగేది ఇదే. ఊరికి పదిమంది చాలు: ఇద్దరు గురుస్వాములో పాస్టర్లో, ఇద్దరు డ్వాక్రా అక్కలు, ఆశా కార్యకర్త, ఒక మాస్టారు, ఇద్దరు కుర్రాళ్ళు, మానేసి నిలబడ్డ ఇద్దరు. ఆ ఇద్దరి మాటకున్న బలం మిగతా ఎవరి మాటకూ ఉండదు. మాల తీసిన ప్రతి మనిషి ఇంటికీ ఏడాదిపాటు వారానికోసారి వెళ్ళండి. సాయంత్రం పని కల్పించండి. పెళ్ళికి, చావుకు, సంక్రాంతి బరికి, ఎన్నికకు మందు పోయబోమని మీ ఇంటి వరకు మీరు మాటివ్వండి. బెల్టు షాపు కనిపిస్తే ఫిర్యాదు మీద పదిమందీ సంతకాలు పెట్టండి, ఒక్కరి మీద పగ పడకుండా. జారినవాణ్ణి మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఈ పనుల చిట్టా రాసుకుని వచ్చే గ్రామసభలో చదివి, ఎవరు ఏ ఇంటికి వెళ్తారో అక్కడే పేర్లు రాసుకుందాం.