పదేళ్ల సాగు, నెల రోజుల బేరం

డిసెంబరు 25 దాటితే గవ్వ విలువ చేయని సరకు క్రిస్మస్ చెట్టు. నరికిన తరువాత నిలవ పెట్టడానికి వీలు లేదు, వాయిదా బజారు లేదు. అమెరికాలో ఏటా రెండు కోట్లకు పైగా సహజమైన చెట్లు అమ్ముడవుతున్నా, నవంబరు చివరలో ఊపందుకొన్న చిల్లర బేరాలు నెల తిరగకముందే ముగుస్తాయి. ఈ తోటలలో చాలా భాగం కుటుంబాల చేతులలోనివి. ఆ కుటుంబాలు ధర చూచి నాటడం, ధర చూచి మానడం వల్లనే ఈ బజారు కుదుటపడడం లేదు. ఇందులో టోకు వర్తకుల బాధ్యత కూడ తక్కువేమీ కాదు.

మన కోస్తా సరుగుడు రైతు నాలుగైదేళ్లకే నరికి సొమ్ము చేసికొంటాడు. నార్త్ కరోలినా కొండలలో ఫ్రేజర్ ఫర్ జాతి నాటిన రైతుకు ఆరేడడుగుల చెట్టు చేతికి రావడానికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. నర్సరీలో మొక్క పెరిగిన ఏళ్లు వేరు. ఈలోగా కలుపు తీయించాలి, ఏటా వేసవిలో కొమ్మలు కత్తిరించి గోపురం ఆకారం దిద్దించాలి, కూలి చెల్లించాలి. వేరుకుళ్లు తెగులు పట్టిన నేలలో మరల అదే జాతి నాటి ప్రయోజనం లేదు. తండ్రి నాటినది కొడుకు నరకడం ఇక్కడ వింత కాదు.

జరిగినదేమి? 2000 తరువాత సరకు ఎక్కువై ధరలు పడిపోయాయి. 2008 మాంద్యంతో గిరాకీ కూడ మెత్తబడింది. రైతులు నాట్లు తగ్గించారు, కొందరు తోటలే మానుకొన్నారు. ఆ లోటు బజారులో తెలిసివచ్చినది 2016, 2017 సీజన్లలో, ధరలు ఎగబ్రాకాయి. అప్పుడు సరకు కోసం పరుగులెత్తిన కొనుగోలుదార్లే అంతకు ముందు అయినకాడికి బేరమాడి రైతు నడ్డి విరిచారు. మిరప, పసుపు అయితే మరుసటి ఏడు విస్తీర్ణం పెరిగి ధర సర్దుకొంటుంది. ఇక్కడ సర్దుబాటుకు దశాబ్దం కావాలి. ఈలోగా చైనా నుంచి దిగుమతి అయిన ప్లాస్టిక్ చెట్టు కొన్న ఇల్లు చాలా ఏళ్లు తోట ముఖం చూడదు.

ప్రచారానికని చెట్టుకు 15 సెంట్ల రుసుము 2011లో ప్రకటించి, పండుగ మీద పన్నా అన్న గగ్గోలు లేవగానే నిలిపి, 2014 వ్యవసాయ చట్టం తరువాత అమలులో పెట్టారు. ఏటా 500 చెట్ల లోపు అమ్మేవారికి మినహాయింపు ఇచ్చారు. రుసుము తప్పు కాదు. ప్రచారంతో గిరాకీ పుట్టవచ్చు గాని చెట్టు పుట్టదు.

పట్టణం దగ్గరున్న కుటుంబాలు తెలివైన దారి పట్టాయి. కొనేవారే తోటకు వచ్చి, నచ్చిన చెట్టు కోసికొని, రొక్కం చెల్లించి పోతారు. కట్టుకూలి, లారీ కిరాయి, మధ్యవర్తి లాభం రైతుకు కలిసివస్తాయి. కొండల లోపలి తోటలకు ఈ వీలు లేదు. వాటికి కావలసినది నరికిన సంఖ్యకు తగ్గకుండా ఏటా నాటే నియమం. దానికి ఆసరాగా టోకు వర్తకులతో పలు సంవత్సరాల ఒప్పందం, కొంత బయానా. ధర పెరిగిన ఏడు రైతు, పడిన ఏడు వర్తకుడు ఒప్పందం తప్పించుకో చూస్తారన్న ఆక్షేపణ ఉన్నది. నిజమే. అందుకే ధరను ఒక్క అంకెకు కట్టివేయక కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఉంచడం మేలు.

2021 జూన్ వడగాడ్పులకు ఓరెగన్ తోటలలో లేత మొక్కలు విస్తారంగా మాడిపోయాయి. ఆ ఏటి మొక్కలు చెట్లయి బజారుకు రావలసినది 2028 - 2030 మధ్య. ఆ సీజన్లకు సరకు కావలసిన వర్తకులు రైతు గడప తొక్కవలసినది ఇప్పుడే, ఆ ఏటి నవంబరులో కాదు.