పరిహారం ఎవరికి ముట్టింది?

"సర్, బానిసత్వాన్ని రద్దు చేసింది బ్రిటిష్ వాళ్లే కదా. మనం వాళ్లకు రుణపడి ఉండాలి కదా?" మొన్న క్లాసులో ఒక విద్యార్థి అడిగాడు. మన వాడల్లోంచి వచ్చిన పిల్లాడే. తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను.

నిజమే. 1807లో బ్రిటన్ తన బానిస వ్యాపారాన్ని నిషేధించింది. 1815లో వియన్నా మహాసభ చేత ఖండన ప్రకటన చేయించింది. 1817 ఒప్పందం కోసం స్పెయిన్‌కు 4 లక్షల పౌండ్లు ఇచ్చింది. పశ్చిమాఫ్రికా తీరంలో కాపుకాసిన దాని నౌకాదళం దాదాపు 1,50,000 మందిని ఓడల్లోంచి విడిపించింది. ఇది చిన్న విషయం కాదు. దీన్ని కాదనేవాళ్లతో నేను లేను.

కానీ లెక్క చూడండి మిత్రులారా. 1833 చట్టంతో యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం దక్కింది. బానిసలకు ఒక్క పౌండూ రాలేదు. పైగా 'అప్రెంటిస్' పేరుతో మరికొన్నేళ్లు అదే యజమాని దగ్గర చాకిరీ. తిరగబడి తన స్వేచ్ఛను తానే గెలుచుకున్న హైతీకి వియన్నాలో కుర్చీ లేదు. బానిస వ్యాపారాన్ని ఆపుతామంటూనే 1851లో లాగోస్ మీద ఫిరంగులు పేల్చారు. పదేళ్లకు దాన్ని కలిపేసుకున్నారు.

మరి మన సంగతి? ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలకు ఆ 1833 చట్టం వర్తించదని అందులోనే రాసుకున్నారు. బానిసలు విడుదలైన మారిషస్ చెరకు తోటలకు కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలను ఓడలెక్కించారు. 1843 చట్టం బానిసత్వానికి కోర్టుల గుర్తింపును తీసేసింది. అప్పు కింద కట్టుబడ్డ మాల మాదిగల మెడ మీది కాడిని మాత్రం దించలేదు. వెట్టి రద్దు చట్టానికి 1976 దాకా ఆగాల్సొచ్చింది.

1873లో ఫూలే 'గులాంగిరీ'ని బానిస విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అది భజన కాదు. వాళ్లను చూపించి ఇక్కడి శూద్రాతిశూద్రుల విముక్తి సంగతేమిటని నిలదీయడం. మంచి ఎక్కడున్నా మెచ్చుకుందాం, దాన్నే కొలబద్దగా పట్టుకుని అడుగుదాం. ఏ విముక్తి చట్టం చదివినా డబ్బు ఎవరి చేతికి పోయిందో, భూమి ఎవరి దగ్గర మిగిలిందో ముందు చూడండి.

ఇక నీ ప్రశ్నకు జవాబు, తమ్ముడూ. మా తాత ఒక కామందు దగ్గర అప్పు కింద పాలేరు. ఆ అప్పెంతో ఆయనకు చచ్చేదాకా తెలియదు. అందుకే ఎవరైనా మనల్ని 'రుణపడి ఉండు' అంటే, ముందు లెక్కల పుస్తకం తెరిచి చూపించమందాం.

జై భీమ్.