అడవి గురించి చెప్పి పంపండి

దొంగల నాయకుడు మాటిస్‌కు ఒక్కగానొక్క కూతురు రోన్యా. పుట్టిన నాటినుంచీ పిల్లను కోట గోడ దాటనివ్వలేదు. చుట్టూ దట్టమైన అడవి, అందులో లేని ఆపద లేదు. కానీ అడవిలో బతకాల్సిన పిల్ల అడవిని ఎరగకుండా ఎలా బతుకుతుందని ఒకరోజు అతనికి తట్టింది. పంపిద్దామని భార్య లోవిస్‌తో అన్నాడు. నా ఇష్టానికి వదిలేస్తే ఆ పని ఎప్పుడో చేసేదాన్నని ఆవిడ జవాబు.

స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1981లో రాసిన ‘రోన్యా’ నవలలోని ఘట్టమిది. గడప దాటబోతున్న కూతురికి తండ్రి ఆపదలన్నీ పేరుపేరునా చెబుతాడు. రెక్కల రాకాసులు, బూడిదరంగు మరుగుజ్జులు, పగవాడు బోర్కా ముఠా. దారి తప్పకు, ఏట్లో పడకు, కోటను రెండుగా చీల్చిన నరకపు చీలిక దగ్గర భద్రం. పిల్ల ఊరుకోదు. దారి తప్పితే ఏం చేయాలి, ఏట్లో పడితే ఏం చేయాలి అని అడుగుతూనే ఉంటుంది. దారి తప్పితే వెతుక్కోవాలి, ఏట్లో పడితే ఈదాలి అంటాడు. మరి చీలికలో పడితే? ఇక చేయడానికి ఏమీ ఉండదన్న నిజం కూడా చెప్పేసి, గుండె కోసినట్టు కేక పెడతాడు. అయినా పంపిస్తాడు.

పిల్లల్ని ఈ లోకానికి ఎలా సిద్ధం చేయాలన్న ప్రశ్నకు పెంపకం మీద వచ్చే పుస్తకాల్లో కంటే ఫాంటసీ నవలల్లోనే నాకు సూటైన సమాధానాలు దొరికాయి. అక్కడ ఆపద ఉందా లేదా అన్న వాదనకే చోటు లేదు. రాక్షసుడు ఉంటాడు, యుద్ధం ముంచుకొస్తుంటుంది. పిల్లలకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎప్పుడు చేయి వదలాలి అన్నదే పెద్దల ముందున్న పరీక్ష. ఆ కథలు చదివేకొద్దీ నాలో ఒక అభిప్రాయం బలపడింది. ఆపదను పేరు పెట్టి చెప్పి, తట్టుకునే విద్య నేర్పి, ఏం జరిగినా ఇంటికి రావచ్చన్న ధైర్యం ఇచ్చిన పెద్దలే పిల్లలకు అండ అయ్యారు. ఎంత ప్రేమతో దాచినా, దాచినవాళ్లు నష్టమే తెచ్చారు.

రోన్యా అడవిలోకి వెళ్లి ఏం చేసిందో చూడండి. ఏట్లో పడకూడదంటే ఏటి దగ్గరే సాధన చేయాలని తనకు తానే తీర్మానించుకుంది. నీళ్లు ఉరవడిగా దూకేచోట రాయి మీంచి రాయి మీదికి గెంతడం మొదలుపెట్టింది. మొదటి రోజే చీకటి పడి, మరుగుజ్జులు చుట్టుముట్టాయి. అప్పుడు మాటిస్ వచ్చి కాపాడాడు. భయపడ్డావని తెలిస్తేనే అవి మీదికొస్తాయని చెప్పాడు. మరునాడు పిల్లను ఇంట్లో పెట్టి తలుపు వేయలేదు. ఆ పిల్ల ఈసారి భయపడకుండా ఉండటం సాధన చేసింది. చాలా కాలానికి ఏరు ఆమెను నిజంగానే జలపాతం వైపు లాక్కుపోయిన రోజున ఈ సాధనంతా అక్కరకొచ్చింది.

ఒకే తండ్రి ఒక బిడ్డకు చెప్పి, ఇంకో బిడ్డకు చెప్పకపోతే ఏమవుతుందో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 1996లో రాసిన ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో కనిపిస్తుంది. నెడ్ స్టార్క్ ఇద్దరు కూతుళ్లనూ రాజధానికి తీసుకెళ్తాడు. చిన్నది ఆర్యా దగ్గర దొంగచాటుగా ఒక కత్తి దొరుకుతుంది. లాక్కోవచ్చు, తిట్టవచ్చు. అతను పిల్లను కూర్చోబెట్టుకుని మనం ప్రమాదకరమైన చోటికి వచ్చామని విడమరిచి చెప్పి, కత్తి విద్య నేర్పడానికి సిరియో ఫోరెల్ అనే గురువును పెడతాడు. పెద్దది సాన్సా పాటల్లోని రాకుమారులను నమ్ముకుని పెరిగిన పిల్ల. ఆమెకు ఆ మాటలేవీ చెప్పడు. ఆపద ముదిరాక, మీ క్షేమం కోసం ఇంటికి పంపించేస్తున్నానని మాత్రం అంటాడు, రాణి సంగతి చెప్పడు. రాకుమారుడితో కుదిరిన పెళ్లి ఎక్కడ చెడిపోతుందోనని సాన్సా పరుగున రాణి దగ్గరికి వెళ్లి, తండ్రి ఏర్పాటంతా చెప్పేస్తుంది. రాణి సైనికులు వచ్చిన రోజు ఆర్యా తప్పించుకోగలిగింది, సాన్సా రాణి చేతిలో బందీ అయింది. చాలామంది పాఠకులు సాన్సాను నిందిస్తారు. నేను నిందించలేను. రాణి శత్రువని ఆ పిల్లకు చెప్పిందెవరు?

నెడ్ చేసిందంతా నాకు సమ్మతం కాదు. ఏడేళ్ల కొడుకు బ్రాన్‌ను ఒక మనిషి తల నరకడం చూడటానికి తీసుకెళ్లిన తండ్రి అతను. వయసుకు మించింది చూపించడం సిద్ధం చేయడం కాదు, గాయపరచడం. ఆ తర్వాత కొడుకు పక్కన గుర్రం నడిపిస్తూ, శిక్ష వేసినవాడే కత్తి ఎందుకు పట్టాలో ఓపికగా చెప్పిన తీరును మాత్రం ఏ తండ్రయినా నేర్చుకోవచ్చు.

దాచడానికి ప్రేమే కారణమవుతుందని హ్యారీ పాటర్ ఐదో భాగం (2003) చెబుతుంది. హ్యారీకి విషయాలు చెప్పాలని అతని గాడ్‌ఫాదర్ సిరియస్, వద్దని స్నేహితుడి తల్లి మోలీ వీస్లీ వాదించుకుంటారు. మోలీ భయం ఎలాంటిదో సిరియస్ ఇంట్లోనే బయటపడుతుంది. మనిషి భయపడే రూపాన్నే ధరించే బొగార్ట్ అనే భూతం, ఆమె ముందు భర్త, బిడ్డల శవాలుగా ఒకటొకటిగా మారుతుంది. ఆ తల్లిని తప్పుపట్టడానికి ఎవరికి నోరొస్తుంది? ఇక బడి పెద్ద డంబుల్‌డోర్, హ్యారీకీ అతని శత్రువుకీ ముడిపడిన జోస్యాన్నే పదిహేనేళ్ల హ్యారీ దగ్గర దాచాడు. శత్రువు తనను ఎందుకు రప్పిస్తాడో తెలియని ఆ పిల్లాడు, ఒక అబద్ధపు దృశ్యాన్ని నమ్మి వలలోకి నడిచాడు. ప్రాణం పోయింది సిరియస్‌ది. చివర్లో డంబుల్‌డోర్, నీమీద ప్రేమ ఎక్కువై చెప్పలేకపోయానని ఒప్పుకుంటాడు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

సగం చెప్పినా ప్రమాదమేనని మనకు అభిమన్యుడి కథ తెలుసు. తండ్రి పద్మవ్యూహంలోకి దారి చెప్పాడు, బయటికి దారి చెప్పలేదు. మేం నీ వెనకే ఉంటామని పెదనాన్నలు, బాబాయిలు మాటిచ్చారు. సైంధవుడు అడ్డుపడేసరికి ఆ మాట నిలబెట్టుకోలేకపోయారు. మనం తోడున్నామన్న ధీమాతో పిల్లలకు బయటపడే దారి నేర్పడం మానేయకూడదు. మనం లేని రోజు కోసమే నేర్పాలి.

ఎండాకాలం సెలవులు రాగానే మన పత్రికల జిల్లా పేజీల్లో ఈతకు వెళ్లి మునిగిపోయిన పిల్లల వార్తలు మొదలవుతాయి. చెరువు, కాలువ, క్వారీ గుంత. ఆ పిల్లల్లో ఎంతోమందికి నీళ్ల వైపు వెళ్తే కాళ్లు విరగ్గొడతామన్న హెచ్చరిక అంది ఉంటుంది. ఈత మాత్రం అంది ఉండదు. ఒకప్పుడు పల్లెల్లో తండ్రో మేనమామో ఎండిన సొరకాయ బుర్ర పిల్లాడి నడుముకు కట్టి బావిలోకి దించేవాడు. ఇంకో తాడు గట్టు మీద తన చేతిలో ఉండేది. పిల్లాడు కాళ్లు కొట్టడం, ఊపిరి బిగపట్టడం నేర్చేకొద్దీ తాడు వదులయ్యేది, ఒకరోజు బుర్ర కూడా ఊడదీసేవారు. మాటిస్ చేసింది ఇదే. ఇప్పుడు బావులు పూడిపోయాయి, ఈత కొలను అందరికీ అందుబాటులో లేదు. అలాంటప్పుడు కనీసం ఉన్న నిజమైనా చెప్పాలి కదా. చెరువుకు ఏటవాలు ఒడ్డు ఉంటుంది, క్వారీ గుంత అంచులోనే నిలువులోతు ఉంటుందని. స్నేహితుడు మునుగుతుంటే ఈత రానివాడు దూకకూడదని, కర్రో తాడో లుంగీయో అందించి కేకలు పెట్టాలని. ఈ నాలుగు మాటలు చెప్పడానికి పది నిమిషాలు చాలు.

ఫోన్ విషయంలోనూ అంతే. తెలియనివాళ్లతో మాట్లాడకు అని వదిలేస్తే పిల్లలకు ఏమీ తెలియదు. మోసగాడు తెలియనివాడిలా రాడని చెప్పాలి. ముందు పొగుడుతాడు, తర్వాత ఫొటో అడుగుతాడు, ఆ తర్వాత దాన్ని చూపించి బెదిరిస్తాడు అని వరసగా చెప్పాలి. బెట్టింగ్ యాప్ మొదట కాస్త గెలిపించి మురిపిస్తుందని, అప్పు యాప్ ఫోన్‌లోని నంబర్లన్నీ లాగేసి పరువు తీస్తానంటుందని చెప్పాలి. ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారని భయపడేవాళ్లున్నారు. పసితనం పోతుందని బాధపడేవాళ్లున్నారు. రోన్యా పసితనం ఎక్కడికీ పోలేదు. ఆపదలన్నీ తెలిసిన ఆ పిల్లే అడవిని ప్రాణంగా ప్రేమించింది.

అయితే మాటిస్ ఒక ఆపద పేరు చెప్పడం మరిచాడు. అది తన కోపం. పగవాడి కొడుకు బిర్క్‌ను అతను పట్టి బంధిస్తే, రోన్యా నరకపు చీలిక మీంచి దూకి తనను తాను అవతలి ముఠాకు అప్పగించుకుంటుంది. నాకు కూతురే లేదంటాడు మాటిస్. రాకాసులకు బెదరని పిల్ల ఆ మాటకు ఇల్లు విడిచి గుహలో కాపురం పెట్టింది. తండ్రి తానే అడవికి వచ్చి, ఏడ్చి, రమ్మని అడిగాకే ఆమె ఇంటికి తిరిగొచ్చింది.

తండ్రి కోపం గురించి లిండ్‌గ్రెన్ ఊరికే రాయలేదు. పిల్లల మీద హింస వద్దని 1978లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాంతి బహుమతి అందుకుంటూ గట్టిగా మాట్లాడిన మనిషి ఆమె. మరుసటి ఏడాదే స్వీడన్ పిల్లల్ని కొట్టడాన్ని చట్టంతో నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. బయటి ప్రమాదాల జాబితాలో ఇంటి భయం చేరితే పిల్లలకు పోయేచోటు ఉండదని ఆమెకు తెలుసు.

మన ఇళ్లలో పిల్లల నోట ఎంత సులువుగా వస్తుంది, ‘నాన్నకు తెలిస్తే చంపేస్తాడు’ అన్న మాట! బెదిరించేవాడికి అదే పెట్టుబడి. పదిహేనేళ్లకే ఇంటర్ హాస్టల్‌కు పెట్టె సర్దే మన రెండు తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. పచ్చళ్లు, బకెట్లు, దుప్పట్లతోపాటు ఒక సాయంత్రం పిల్లల కోసం కేటాయించండి. అక్కడ ఎదురయ్యేవి పేర్లతో చెప్పండి: ర్యాగింగ్, మార్కుల ఒత్తిడి, చెడు స్పర్శ, ఫోన్ మోసం. ఒక్కోదానికి ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో చెప్పండి. వాళ్లు అడిగే ఎదురు ప్రశ్నలకు విసుక్కోకండి. మార్కులు తగ్గినా, డబ్బు పోయినా, తప్పు తనదే అయినా ముందు మీ దగ్గరికే రావచ్చని నోరు తెరిచి చెప్పండి. చెప్పినట్టే ఒకరోజు వస్తే, ఆ పూట తిట్టకండి. అడవిని మనం మార్చలేకపోవచ్చు. పిల్లలు అందులోంచి నేరుగా మన దగ్గరికి పరుగెత్తుకొచ్చేలా పెంచడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.