శిక్షకుని మార్చిన చాలునా?

2025వ సంవత్సరము నవంబరు 18వ తేదీన ఢాకా నగరమున భారత ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ జట్టుచేతిలో 1-0తో పరాజయము పొందినది. ఇరువదిరెండు సంవత్సరములుగా మనలను గెలువజాలని పొరుగువారు ఆనాడు గెలిచిరి. అంతకు నెల దినములకు ముందే, అక్టోబరు 14వ తేదీన గోవాలో, స్వదేశపు మైదానముననే, సింగపూరు మనలను 2-1తో ఓడించి 2027 ఆసియా కప్పునకు మన దారిని మూసివేసినది. 2023 జూలైలో ప్రపంచ పట్టికయందు 99వ స్థానమున నుండిన జట్టు 2025 నవంబరు నాటికి 142వ స్థానమునకు దిగజారినది. ఇది ఒకనాటి దురదృష్టమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. 2024వ సంవత్సరమంతటను మన జాతీయ జట్టు ఒక్క పోటీయందైనను గెలువలేదను మాట స్మరించినయెడల వ్యాధి ఎంత లోతునకు దిగినదో తెలియగలదు.

ఇట్టి స్థితిలో అభిమానులు ఆగ్రహించుటలో వింతలేదు. కలకత్తాలోను, కేరళమునందును, గోవాలోను, ఈశాన్య రాష్ట్రములందును ఈ ఆటను ప్రాణప్రదముగా చూచుకొను లక్షలకొలది జనులు కలరు. వారు పనులు మానుకొని, వ్యయప్రయాసల కోర్చి, మైదానములకు పోయి, తల వంచుకొని తిరిగి వచ్చుచున్నారు. ఓడినందుకు మాత్రమే వారు కోపించుచున్నారని తలచుట పొరపాటు. ఆటలో గెలుపోటములు సహజములని వారికి ఎవరును బోధింప నక్కరలేదు. ఎందుకు ఓడితిమో చెప్పువారు లేకపోవుట, రేపు ఏమి చేయదలచితిరని అడిగిన బదులు రాకపోవుట వారి కోపమునకు మూలము. కోపించు ప్రేక్షకుడు ఇంకను ఆశ విడువని ప్రేక్షకుడు. అతడు కూడ మౌనము వహించి మైదానమునకు వచ్చుట మానిననాడు ఈ ఆటకు నిజమైన నష్టము కలుగును.

అయితే ఈ కోపము ప్రతిసారియు ఒకే మార్గమున ప్రవహించుచున్నది. జట్టు ఓడినంతనే “శిక్షకుని తొలగింపుడు” అను కేక బయలుదేరుచున్నది. సమాఖ్యవారును ఆ కేకను సంతోషముతో ఆలకించి, శిక్షకుని సాగనంపి, తాము చేయవలసినది చేసితిమని చేతులు దులుపుకొనుచున్నారు. కాలువలో పూడిక తీయింపక, పొలమునకు నీరు పెట్టింపక, పంట పండలేదని యేటేట పాలికాపును మార్చు భూస్వామిని మన గ్రామములలో ఎవరైనను మెచ్చుకొందురా? భారత ఫుట్‌బాల్ వ్యవహారము సరిగా ఇట్లే నడచుచున్నది.

శిక్షకులు నిర్దోషులని మేము చెప్పుట లేదు. క్రొయేషియా దేశీయుడగు ఇగోర్ స్టిమాట్స్ గారు 2019 మొదలు 2024 వరకు, ఐదేండ్లు, జట్టును నడపిరి. 2023లో మూడు పోటీలయందు విజేతలుగా నిలిచిన మాట నిజమే. కాని 2024 జనవరిలో కతారునందు జరిగిన ఆసియా కప్పులో మనవారు ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా జట్లతో ఆడిన మూడు పోటీలలోను ఓడిరి. ఒక్క గోలునైనను చేయలేకపోయిరి. మార్చిలో గౌహతియందు ఆఫ్ఘనిస్తాన్ చేతిలో 2-1తో ఓడిరి. జూన్‌లో కువైటుతో గోలు లేకయే ఆట ముగించి, కతారుచేతిలో ఓడి, ప్రపంచ కప్పు అర్హత పోటీల మూడవ దశను అందుకొనలేకపోయిరి. దోహాలోని ఆ కడపటి పోటీలో, బంతి హద్దు దాటిన తరువాత కతారువారు చేసిన గోలును మధ్యవర్తి అంగీకరించుట అన్యాయమే. ఐనను ఆ ఒక్క అన్యాయమునకు ముందు చేజార్చుకొన్న అవకాశములను మరచిపోరాదు.

ఇప్పుడు సమాఖ్యవారి ప్రవర్తనను చూతము. 2023 అక్టోబరులో స్టిమాట్స్ గారి ఒప్పందమును 2026 వరకు పొడిగించినది ఈ సమాఖ్యయే. ఎనిమిది నెలలైనను సరిగా నిండకమునుపే ఆయనను తొలగించినదియు ఈ సమాఖ్యయే. పిమ్మట తగాదా తీర్చుకొనుటకు సుమారు నాలుగు లక్షల డాలర్లు పరిహారముగా ముట్టజెప్పిరని వార్తలు వెలువడినవి. ఆ ధనముతో ఎన్ని జిల్లాలలో బాలురకు ఆట నేర్పింపవచ్చునో పాఠకులే ఊహించుకొందురుగాక.

తరువాత 2024 జూలైలో స్పెయిన్ దేశీయుడగు మనోలో మార్కెజ్ గారిని నియమించిరి. ఆయన సమర్థుడు కాడని ఎవరును అనజాలరు. 2022 మార్చిలో హైదరాబాదు జట్టును ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిపిన శిక్షకుడు ఆయనయే. కాని నియమించునాటికి ఆయన గోవా క్లబ్బునకు శిక్షకుడు; మరి యొక సంవత్సరము ఆ కొలువులోనే యుండి జాతీయ జట్టును కూడ చూచుకొనుటకు సమాఖ్య అంగీకరించినది. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాని గతి ఏమగునో మన పెద్దలు ఏనాడో చెప్పియున్నారు. దేశపు జట్టు భారము మిగిలిన పొద్దులో మోయదగినదా? ఫలితము తెలిసినదే. ఆయన నడపిన ఎనిమిది పోటీలలో మనవారు గెలిచినది మాల్దీవులపై ఒక్కటి మాత్రమే. 2025 జూన్‌లో హాంకాంగునందు కడపటి క్షణములలో ఓడి, జూలైలో ఆయనయు నిష్క్రమించిరి.

ఇందు మరియొక విశేషము కలదు. గౌహతిలో మనలను ఓడించిన ఆఫ్ఘనిస్తాన్ జట్టునకును, మరుసటి యేడు మనలను ఓడించిన హాంకాంగు జట్టునకును శిక్షకుడు ఒక్కడే. ఆంగ్లేయుడగు ఆష్లే వెస్ట్‌వుడ్ గారు. ఆయన ఒకప్పుడు బెంగళూరు క్లబ్బును రెండు పర్యాయములు ఐ-లీగు విజేతగా నిలిపినవారు. మన ఆటగాండ్ర బలాబలములను మన మైదానములందే గ్రహించినవారు. మనలను ఎరిగిన శిక్షకుడు పరులకు విజయము చేకూర్చగా, మన యేర్పాట్ల క్రింద పనిచేసినవారు వరుసగా విఫలులగుచున్నారు. దోషము శిక్షకులయందు మాత్రమే లేదనుటకు ఇంతకు మించిన నిదర్శనము కావలయునా?

దోషము పాలనయందు కలదు. 2022 మేలో సుప్రీంకోర్టు పాత కార్యవర్గమును తొలగించి పాలకసంఘమును నియమించుట, ఆగస్టులో అంతర్జాతీయ సమాఖ్య మనలను పదిదినములకు పైగా బహిష్కరించుట లోకవిదితములు. సెప్టెంబరులో క్రొత్త కార్యవర్గము వచ్చినది. దానితో క్రొత్త యుగము ప్రారంభమగునని పలువురు ఆశించిరి. కాని 2023 నవంబరులోనే ప్రధాన కార్యదర్శి తొలగింపబడిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆసియా క్రీడలకు పోవలసిన జట్టును క్లబ్బులతో బేరములాడి కడపటి క్షణమున కూర్చిరి. ఆ బాలురు చైనాలో దిగిన మరునాడే చైనా జట్టుతో తలపడి 5-1తో ఓడిరి. ఈ ఓటమికి ఏ శిక్షకుని తొలగింపవలయును?

ఇంతకంటె ఘోరమైనది సూపర్ లీగు వ్యవహారము. 2010లో సమాఖ్య తన వ్యాపార హక్కులను పదునైదు సంవత్సరములకు ఒక సంస్థకు అప్పగించినది. ఆ గడువు 2025 డిసెంబరు 8వ తేదీతో ముగియునని పదునైదేండ్లుగా అందరును ఎరుగుదురు. ఐనను ముందుగా ఏ యేర్పాటును చేయలేదు. 2025 జూలైలో లీగు నిలిచిపోయినది. కొన్ని క్లబ్బులు తమ జట్ల సాధనను నిలిపివేసినవి; కొన్ని జీతములను ఆపివేసినవి. నవంబరులో టెండర్లు పిలిచిన, ఒక్కరును ముందుకు రాలేదు. 2026 జనవరి ఆరంభమున ఆటగాండ్రే అంతర్జాతీయ సమాఖ్యకు బహిరంగముగా మొరపెట్టుకొనవలసి వచ్చినది. కడపట కేంద్ర క్రీడామంత్రి కలుగజేసికొని, ఫిబ్రవరి 14వ తేదీనుండి లీగు కుదింపుగా జరుగునని ప్రకటించిరి. సింగపూరుతోను, బంగ్లాదేశముతోను మనవారు తలపడిన నెలలలో దేశమున ఆ లీగే లేదు! పోటీలు లేక పదును తప్పిన ఆటగాండ్రను 2025 ఆగస్టులో నియమింపబడిన ఖాలిద్ జమీల్ గారికి అప్పగించి, అద్భుతములు చేయుమనుట న్యాయమా? పదమూడేండ్ల తరువాత ఈ పదవి ఒక భారతీయునికి లభించినది. ఆయనయు వచ్చీరాగానే మధ్య ఆసియా దేశముల పోటీలో తజికిస్తాన్‌ను గెలిచి, ఒమానును పెనాల్టీలలో ఓడించి, మూడవ స్థానము సంపాదించిరి. అటువంటివానిని కూడ రెండు ఓటములకే పంపివేయుమనువారు లేకపోలేదు.

గోలు చేయువారు కరవగుటయు ఈ పాలనాలోపపు ఫలమే. సునీల్ ఛేత్రి గారు 2024 జూన్‌లో విరమించిన తరువాత తొమ్మిది నెలలకే, నలుబదేండ్ల వయస్సున, ఆయనను మరల పిలువవలసి వచ్చినది. మన క్లబ్బులు ముందువరుసలో విదేశీయులనే నిలుపుచున్నవి. గోలు చేయవలసిన స్థానమున భారతీయ యువకునకు ఆడు అవకాశము చిక్కుట లేదు. ఆడనివాడు ఏనాటికి నేర్చును?

తెలుగువారికి ఈ విషయమున ప్రత్యేకమైన బాధ కలదు. భారత ఫుట్‌బాల్ వైభవకాలమునకు కర్త హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచినది. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకము, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానము ఆయన జట్లు సాధించినవే. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరామ్ గారి వంటి క్రీడాకారులు ఆ కాలమున వెలుగొందిరి.

ఆ చరిత్రలో ఒక్క ఘట్టమును నేటి పాలకులు శ్రద్ధగా చదువవలయును. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మనవారు యుగోస్లావియాచేతిలో 10-1తో ఓడిరి. అప్పటి శిక్షకుడును రహీమ్ గారే. నేటి పద్ధతి ఆనాడు అమలులో నుండినయెడల ఆయన పేరు అంతటితో మాసిపోయియుండును. కాని ఆనాటివారు ఓటమికి కారణమును వెదకిరి. వట్టికాళ్లతో ఆడుట ఇక చెల్లదని గ్రహించి బూట్లను తప్పనిసరి చేసిరి. నాలుగేండ్లకే ఆ రహీమ్ గారి జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనలునకు చేరినది. 1963లో ఆయన కాలధర్మము చెందిరి. ఆసియా క్రీడలలో భారతదేశమునకు మరల ఫుట్‌బాల్ స్వర్ణము లభింపలేదు. ఇక హైదరాబాదు సంగతి. 2022లో లీగు గెలిచిన ఆ నగరపు జట్టు, రెండేండ్లు తిరుగకముందే జీతములు చెల్లింపలేక ఆటగాండ్రను పోగొట్టుకొని, పట్టికలో అట్టడుగునకు జారి, 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకొన్నది. రహీమ్ గారి నగరమునకు నేడు ఆ లీగులో జట్టే లేదు.

క్రికెట్టు ధనమంతయు హరించుచున్నదని, మనవారి దేహములు ఈ ఆటకు తగవని కొందరు చెప్పుచుందురు. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నవి ఈ మాటలు. 2026 ప్రపంచ కప్పునకు కేప్ వెర్డె అర్హత పొందినది. దాని జనసంఖ్య ఐదు లక్షల ప్రాంతము. కురసావో అర్హత పొందినది. దాని జనసంఖ్య రెండు లక్షలైనను లేదు. ఉజ్బెకిస్తాన్, జోర్డాను మొదటిసారి ఆ గౌరవము సంపాదించినవి. జపాను 1993లో వృత్తి లీగును స్థాపించి ఐదేండ్లలో ప్రపంచ కప్పునకు చేరినది. మన దేశముననే చిన్న రాష్ట్రమగు మిజోరామునుండి ఐజ్వాల్ క్లబ్బు, ఖాలిద్ జమీల్ గారి శిక్షణలోనే, 2017లో ఐ-లీగు గెలిచినది. క్రమము ఉన్నచోట ఫలము కలుగుచున్నది.

కావున చేయవలసినవి స్పష్టముగనే యున్నవి. లీగు కాలపట్టికను ఏడాదికి ముందే ప్రకటించి, జాతీయ జట్టునకు ఆటగాండ్రను ఏయే దినములలో అప్పగింపవలయునో క్లబ్బులతో లిఖితముగా నిర్ణయించుకొనవలయును. ముందువరుసలో భారతీయ యువకులకు ఆడు అవకాశము కల్పించు నియమము చేయవలయును. శిక్షకుని నాలుగేండ్లకు నియమించి, ఏ ప్రమాణములచే అతని పనిని కొలుతురో మొదటనే ప్రకటింపవలయును. ఆ ప్రమాణములు తప్పిననాడే అతనిని ప్రశ్నింపవలయును. జిల్లా పోటీలను, పాఠశాలల పోటీలను ఏటేట తప్పక జరిపింపవలయును. ప్రతి పరాజయ పరంపర తరువాతను కారణములతో కూడిన నివేదికను, లెక్కలతో సహా, ప్రజల ముందుంచవలయును. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన నియమావళి పూర్వక్రీడాకారులకు సమాఖ్య సభలో స్థానము కల్పించుచున్నది. వారు అలంకారప్రాయముగా గాక అడుగువారుగా కూర్చుండవలయును.

అభిమానులకును ఒక్క మాట. మీ కోపము న్యాయమైనది, దానిని చల్లార్చుకొనకుడు. కాని దానిని గురి తప్పనీయకుడు. మైదానపు అంచున నిలుచున్న ఒక్క మనుజునిపై దానిని వ్యయపరచిన, వెనుక గదులలో కూర్చున్నవారు సుఖముగా నిదురింతురు. శిక్షకుని పేరు అడుగుటకు ముందు లీగు పట్టిక ఏదని, ఒప్పందపు షరతులేవని, లెక్కలేవని అడుగుడు. మన జిల్లాలలోని శ్రీమంతులును పురప్రముఖులును ఢిల్లీ వైపు చూచుట మాని, తమ యూరి పాఠశాల మైదానము ఆక్రమణల పాలు గాకుండ కాపాడి, సంవత్సరమున కొక పోటీయైనను జరిపింపగలిగినచో అదియు దేశసేవయే. రహీమ్ గారు పుట్టుకతో ప్రఖ్యాతులు కారు, ఒక బడిపంతులు. అట్టి పంతులు నేడును ఏదో ఒక యూరిలో బంతి చేతబట్టుకొని మైదానము కొరకు వెదకుచునే యుండవచ్చును.