రహస్యవిమానముల వెఱ్ఱి

కొన్ని నెలల క్రిందట మాచర్లలో మా బంధువుల యింటి డాబామీద సంధ్య దాటినవేళ కూర్చుండియుంటిమి. పడమటి దిక్కునుండి పదుల సంఖ్యలో దీపములు, దారమునకు గ్రుచ్చినట్లు వరుసగా, సడి లేక నెత్తిమీదుగా సాగిపోయినవి. ఇంటి యజమాని పట్టభద్రుడు, పదిమందికి పాఠము చెప్పువాడు. ఆయన గొంతు తగ్గించి, "ఇవి మన సైన్యమువారి రహస్యవిమానములు. పైకి చెప్పరు. సాగరముమీద పరీక్షించుచున్నారు" అనెను. ఎనిమిదవ తరగతి చదువు ఆయన కుమార్తె, "అవి విమానములని మీకెట్లు తెలిసినది నాన్నగారూ?" అని యడిగినది. "పెద్దవాళ్లు మాటలాడునపుడు నడుమ రాకు" అని సమాధానము వచ్చినది. ఆ పిల్ల చిన్నబోయిన మొగమే నాచేత నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

అవి విమానములు కావు. అమెరికాలోని స్పేస్‌ఎక్స్ సంస్థవారు 2019 మే మొదలుకొని గుంపులుగుంపులుగా పంపుచున్న స్టార్‌లింక్ ఉపగ్రహములు. పంపిన క్రొత్తలో అవి యొకదానివెంట నొకటి నడచును. మనకు చీకటి పడినను అంత యెత్తున నింకను ఎండ యుండును గనుక మెరయును. సడి లేకపోవుట మా బంధువునకు రహస్యమునకు గుర్తుగా తోచినది. అది దూరమునకు గుర్తని ఆయన పాఠ్యపుస్తకములోనే యున్నది. మరునాటి యుదయమున ఆ పిల్ల నాతో, "మామయ్యా, అవి మరల వచ్చునా?" అనినది. పంచాంగములో గ్రహణము చెప్పినట్లే వానిరాకను నిమిషములతో చెప్పవచ్చునంటిని. తండ్రి పత్రికనుండి తల యెత్తలేదు.

ఇది వట్టి కాలక్షేపము, దీనివలన నష్టమేమి యని యడుగువారు కలరు. కృష్ణ దాటిన ఆవలియొడ్డున నల్లగొండ సీమ. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధనసంస్థవారు దశాబ్దములుగా పెద్ద బెలూనులను శీతకాలమున ఆకాశమునకు పంపుచున్నారు. అవి ముప్పది కిలోమీటర్లకు పైగా లేచును. పనిముట్లు గొడుగువంటి పారాషూటుతో ఏ పొలమునందో దిగును. వానిని తాకవద్దని, విప్పవద్దని, పోలీసులకు తెలుపవలసినదని వారు ముందుగానే పత్రికలలో ప్రకటింతురు. అయినను 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలో ఒక గుండ్రని పెట్టె పొలమున దిగగా, గ్రహాంతరవాసుల వాహనమనియు, శత్రువుల యంత్రమనియు జనులు మూగిరి. అది స్పెయినుకు చెందిన హేలో స్పేస్ అను సంస్థ మనుష్యులు లేకుండ పరీక్షించిన పెట్టె. ఆ గ్రామస్థులను నేను నిందింపను. వారు చూడనిదానిని చూచిరి. ప్రకటన చదివియు మరచి, గుసగుసను మాత్రము నమ్మిన విద్యావంతులను నిందింతును. వారి మాట విని యెవడైన గొడ్డలితో పెట్టెను పగులగొట్టెనా, ఏండ్ల కొలది శ్రమించి సమకూర్చిన కొలతలు పోవును.

నిజమైన రహస్యములు లేవని నేననను. 1964లో ఒడిషాలోని చార్‌బాటియానుండి అమెరికావారి యూ-2 గూఢచారివిమానములు చైనా సరిహద్దులవైపు ఎగిరినవి. ఆ సంగతి 2013లో వారి పత్రములు బయటపెట్టుటచే లోకమునకు తెలిసినది. రాడారుకు చిక్కని ఎఫ్-117 విమానము 1981లో ఎగిరెను, 1988లో ప్రకటితమయ్యెను. ఈ రెంటిని డాబాలమీది ఊహాగానము కనుగొనలేదు. పైగా అట్టి ఊహాగానమే రహస్యమును కాచినది. తమ విమానములనే జనులు ఎగిరెడి పళ్లెములని భ్రమపడిరని అమెరికా గూఢచారిసంస్థ చరిత్రకారుడు 1997లో వ్రాసెను.

మనదేశపు మాట చూతము. రెక్కయే దేహముగా గల, చోదకుడు లేని ఒక విమానపు నమూనా 2022 జూలై 1న చిత్రదుర్గమువద్ద ఎగిరెను. రక్షణ పరిశోధనశాఖవారే దాని చిత్రమును విడుదల చేసిరి. అదే యేడు డిసెంబరు 29న, నరసరావుపేటకు దక్షిణముగ, కొరిశపాడువద్ద జాతీయరహదారిమీద యుద్ధవిమానములు మిక్కిలి క్రిందుగ ఎగిరి పరీక్ష జరిపినవి. ఆ దినము కూడ పత్రికలు ముందుగానే చెప్పినవి.

ఇంకొక వర్గమువారు, ఈ రహస్యమంతయు భరద్వాజునిదే, విదేశీయులు దొంగిలించిరందురు. వైమానికశాస్త్రమను గ్రంథము ఇరువదవ శతాబ్దారంభమున సుబ్బరాయశాస్త్రిగారు చెప్పి వ్రాయించినది. బెంగుళూరు విజ్ఞానసంస్థకు చెందిన ఐదుగురు 1974లో దానిని పరిశీలించి, అందలి యేవిమానమును ఎగురజాలదని తేల్చిరి. ఎగురనిదానిని దొంగిలించి యేమి చేసికొందురో!

మనము గుసగుసలాడవలసినది కాదు, గట్టిగా నడుగవలసినది వేఱొకటి కలదు. తేజస్ విమానమునకు 1983లో అనుమతి వచ్చెను. 2001 జనవరి 4న అది మొదటిసారి ఎగిరెను. దానికై తలపెట్టిన కావేరి యంత్రము సరిపడక, అమెరికా యంత్రమును పెట్టవలసివచ్చెను. 2021లో 83 విమానములకు సుమారు 48,000 కోట్ల రూపాయల యొప్పందము జరిగెను. 2024 మార్చినాటికి అందవలసిన మొదటి విమానము ఆ గడువునకు అందలేదు. ఇందులో రహస్యమేమియు లేదు. పార్లమెంటులోను, పత్రికలలోను వచ్చినదే. యంత్రము మనమేల చేయలేకపోయితిమి? లోహము కుదరలేదా, డబ్బు చాలలేదా, పరీక్షింప తావు లేదా? మాచర్లలో మా బంధువును నేనీ ప్రశ్నలే యడిగితిని. రహస్యవిమానముయొక్క రెక్కల కొలతవఱకు చెప్పిన యాయన, "అవన్నియు మనకెందుకు, పైవారు చూచుకొందురు" అని లేచి లోనికి పోయెను.